మూడో వారంలో కూలిపోయే టైమ్‌టేబుల్

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. యూనివర్సిటీలో రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. ప్రతి సెమిస్టర్ మొదటి సోమవారం ఒక టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటిస్తాను. పొద్దున 5కు లేవడం, 5 కిలోమీటర్ల పరుగు, 20 నిమిషాల ధ్యానం, బ్రేక్‌ఫాస్ట్ మానకపోవడం, చక్కెర బంద్, రోజుకు 3 లీటర్ల నీళ్లు, రాత్రి 10 దాటాక ఫోన్ ముట్టుకోకపోవడం, రోజూ జిమ్. పది పన్నెండు రోజులు బాగానే నడుస్తుంది. ఏదో అసైన్‌మెంట్ కోసం ఒక రాత్రి మేలుకోవాల్సి వస్తుంది, అంతే, మొత్తం పోతుంది. మళ్లీ రాత్రి 2కు పడుకోవడం, 9 గంటల క్లాసుకు 8:45కు లేవడం, ఏమీ తినకుండా పరుగెత్తడం, నాలుగైదు కాఫీలు, సాయంత్రం 6 నుంచి 8 దాకా నిద్ర. శని, ఆదివారాల్లో 3:30కు పడుకుని మధ్యాహ్నం 12కు లేస్తున్నాను. 21 రోజులు పట్టుబడితే ఏదైనా అలవాటైపోతుందంటారు. నేను అక్కడిదాకా ఎప్పుడూ వెళ్లలేదు. నాకు పట్టుదల లేదా? తప్పిన రోజల్లా రూమ్మేట్‌కు జరిమానా కట్టేలా ఒప్పందం చేసుకుంటే పని చేస్తుందా?

సమాధానం: పట్టుదల లేనివాళ్లు పన్నెండు రోజుల పాటు 5కు లేచి 5 కిలోమీటర్లు పరుగెత్తరు. ఆ అనుమానం వదిలేయండి. తేడా మీ గోడమీది కాగితంలో ఉంది. ఎనిమిది పనులు ఒకే రోజు మొదలుపెట్టారు, అది ఒకటి. అంతకంటే పెద్దది, ఆ టైమ్‌టేబుల్ అసైన్‌మెంట్లు లేని వారాన్ని ఊహించుకుని రాసింది. సెమిస్టర్‌లో అలాంటి వారాలు మొదట్లో రెండే ఉంటాయి. మీ ప్లాన్ సరిగ్గా అన్నాళ్లే బతుకుతోంది.

మీరు రాసిన రోజును ఒకసారి వెనక నుంచి చూద్దాం. సాయంత్రం రెండు గంటలు పడుకుంటున్నారు కాబట్టి, చివరి కాఫీ ఇంకా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, రాత్రి 2 దాకా నిద్ర రాదు. 2కు పడుకుని 8:45కు లేస్తే తినే టైమ్ ఉండదు. ఆకలినీ మత్తునూ కాఫీతో నెట్టుకొస్తారు. సాయంత్రానికి ఒళ్లు తేలిపోయి మంచమెక్కుతారు. మీరు ఎనిమిది సమస్యలు అనుకుంటున్నవాటిలో సగం ఇదే గొలుసులోవి. ఇంకో మాట: లెక్కేస్తే మీ నిద్ర తక్కువేం కాదు. రాత్రి ఆరుముప్పావు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మీ వయసువాళ్లకు 7 నుంచి 9 గంటలు కావాలంటారు, అంత పడుతోంది. కాకపోతే రెండు ముక్కలై, తప్పు చోట పడుతోంది. కాబట్టి మొదటి పని సాయంత్రం ముక్కను తెచ్చి రాత్రికి కలపడం. పరుగు, ధ్యానం, చక్కెర, జిమ్ అన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ కాగితం కూడా గోడమీంచి తీసేయండి, రోజూ ఓటమిని గుర్తుచేయడం తప్ప అది చేసేదేమీ లేదు.

ఏదీ మార్చకముందు వారం రోజులు ఒక చిన్న నోటు రాయండి. రోజుకు ఒకే వరుస: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, చివరి కాఫీ ఎప్పుడు, పగటి నిద్ర ఎంత, ఎన్ని నిమిషాలు నడిచారు. అంతకుమించి రాయొద్దు. మూడ్, కేలరీలు, స్క్రీన్ టైమ్ అంటూ పదిహేను గళ్ల పట్టిక గీసుకున్నవాళ్లు నాలుగో రోజుకే పెన్ను కింద పెట్టేస్తారు. ఆ వారంలో మంచిగా కనిపించాలని వేళలు సర్దుకోకండి కూడా. అసలు లెక్క కావాలి.

ఇక లేచే టైమ్. పడుకునే టైమ్ మీ చేతిలో ఉండదు, నిద్ర రమ్మంటే రాదు. లేవడం మాత్రం అలారంతో పట్టుకోవచ్చు. అందుకే అక్కడ మొదలుపెట్టాలి. 5 గంటలు వద్దు. 9 గంటల క్లాసుకు 7:30 చాలు, తీరిగ్గా తిని వెళ్లొచ్చు. అది కూడా ఒక్కసారిగా కాదు. 8:45 నుంచి 15 నిమిషాలు వెనక్కి జరిపి మూడు రోజులు ఉండండి, తర్వాత ఇంకో 15. ఇలా ఐదు మెట్లు, మొత్తం పదిహేను రోజులు. మొదటి వారంలో పగలు కాస్త మగతగా ఉంటుంది, వాహనం నడిపే అలవాటుంటే ఆ రోజుల్లో జాగ్రత్త. అలారం చేతికందే చోట ఉంటే స్నూజ్ నొక్కడం ఖాయం. ఫోన్‌ను తలుపు దగ్గర ఛార్జింగ్ పెట్టండి, లేచి నాలుగడుగులు వేయాలి. రాత్రిపూట ఫోన్ బెడదకు కూడా ఇదే మందు: 10 తర్వాత ముట్టుకోనని ఒట్టు పెట్టుకోవడం కన్నా ఛార్జర్ చోటు మార్చడం తేలిక.

లేచిన గంటలోపు ఇరవై, ముప్పై నిమిషాలు బయటి వెలుతురులో ఉండండి. శరీరంలోని గడియారాన్ని ముందుకో వెనక్కో జరిపేవాటిలో వెలుతురుదే పెద్ద పాత్ర. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు; మబ్బు పట్టిన రోజున కూడా బయట అది వేల లక్స్‌లో ఉంటుంది, గదిలో లైటు కింద సాధారణంగా వందల్లోనే. కిటికీ పక్కన కూర్చోవడం ఏమీ లేనిదానికన్నా నయం, కానీ నడుచుకుంటూ క్లాసుకు వెళ్తే రెండు పనులూ అవుతాయి. రాత్రి దీనికి రివర్స్. పడుకునే ముందు గంట నుంచీ పెద్ద లైటు ఆపి టేబుల్ లైటుతో సరిపెట్టుకోండి.

వారాంతాలే అసలు చిక్కు. మామూలు రోజుల్లో మీ నిద్ర 2 నుంచి 8:45 దాకా, అంటే నడిమి ఘడియ దాదాపు 5:20. శని, ఆదివారాల్లో 3:30 నుంచి 12 దాకా, నడిమి ఘడియ 7:45. తేడా రెండు గంటల ఇరవై నిమిషాలు. ప్రతి శుక్రవారం రాత్రి రెండు టైమ్ జోన్లు దాటి వెళ్లి, సోమవారం పొద్దున తిరిగొస్తున్నారన్నమాట. జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. సోమవారం పొద్దున లేవలేకపోవడానికి బద్ధకం కన్నా ఇదే పెద్ద కారణం. సెలవు రోజుల్లో గంట ఆలస్యంగా లేవండి, అంతకుమించి వద్దు. శుక్రవారం స్నేహితులతో కూర్చుని ఆలస్యంగా పడుకున్నా సరే, లేచే టైమ్ అదే. మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే సర్దుకుంటుంది.

కునుకుకు రెండు షరతులు: 20 నిమిషాలు, మధ్యాహ్నం 3 లోపు. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, నిద్ర ముంచుకొచ్చేది దానివల్లే. సాయంత్రం 6 నుంచి 8 దాకా పడుకుంటే అది చాలావరకు కరిగిపోతుంది, ఇక రాత్రి 12కు ఏం నిద్ర వస్తుంది? ఆ రెండు గంటలూ గదిలో లేకుండా చూసుకోవడమే ఉపాయం. లైబ్రరీ, గ్రౌండ్, స్నేహితుడి గది, ఎక్కడైనా సరే. మంచం కనబడే చోట కూర్చుని నిద్రను ఆపుకోవాలని చూడొద్దు.

కాఫీ చేసేది ఆ అడినోసిన్ పని చేయకుండా అడ్డుపడటం. అడ్డు తొలగగానే పేరుకున్నదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం 8కి మత్తు వదలడానికి తాగిన కప్పులో 100 మిల్లీగ్రాములుంటే, రాత్రి ఒంటిగంటకు 50 ఇంకా మిగిలే ఉంటుంది. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే కూడా నిద్ర గంటకు పైగా తగ్గింది. నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది అనేవాళ్లుంటారు. పడుతుంది, గాఢత తగ్గుతుంది. మీకు హద్దు మధ్యాహ్నం 2 గంటలు. టీ, కోలా, ఎనర్జీ డ్రింకులూ ఇదే లెక్కలోకి వస్తాయి. నాలుగైదు కప్పులను ఒక్కరోజులో మానేస్తే మర్నాటికల్లా తలనొప్పి మొదలై వారం పైగా కూడా సతాయించొచ్చు. చాలామంది ఈ తలనొప్పికే భయపడి వెనక్కి వెళ్తారు. రాత్రికి దగ్గరగా ఉన్న కప్పుతో మొదలుపెట్టి, మూడు రోజులకొకటి చొప్పున తగ్గించి రెండు దగ్గర ఆగండి.

పడుకోవడం గురించి ఒక్కటే నియమం: నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. హాస్టల్ గదిలో మంచమే సోఫా, మంచమే చదువుకునే బల్ల, అక్కడే తిండి, అక్కడే ఫోన్. దాంతో మంచం చూస్తే నిద్ర గుర్తుకు రావడం మానేస్తుంది. మీరు కుర్చీకి మారండి. గదిలో ఒకటే కుర్చీ ఉంటే కనీసం తలగడ అటువైపు కాకుండా ఇటువైపు పెట్టుకుని చదవండి, పడుకునేటప్పుడు తిప్పండి. వినడానికి సిల్లీగా ఉంటుంది, కానీ కొంత పని చేస్తుంది. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో ఏదైనా చప్పటి పుస్తకం చదివి, కళ్లు మూతపడుతున్నప్పుడు మళ్లీ రండి. గడియారం చూడకండి, అందాజుగా చాలు. రేపటి పనులు తలలో తిరుగుతుంటే ఐదు నిమిషాలు కూర్చుని అవన్నీ కాగితం మీద రాసెయ్యండి. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో మైఖేల్ స్కలిన్ అనే పరిశోధకుడు 2018లో 57 మంది యువతీ యువకులతో ఇది చేయించి చూశారు. చేయాల్సిన పనులు రాసినవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా.

ఇదంతా నిలబడటానికి నాలుగు వారాలు పట్టొచ్చు. ఆ తర్వాతే వ్యాయామం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు కండరాలకు పని పెట్టే వ్యాయామం రెండు రోజులు చెబుతాయి. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతు కూడా అందులో తీసేశారు. క్లాసుల మధ్య చురుగ్గా నడిచిన ఆరు నిమిషాలూ లెక్కే. హాస్టల్ నుంచి క్లాసుకు పావుగంట నడక అనుకుంటే, రానూ పోనూ వారానికి ఐదు రోజుల్లో 150 నిమిషాలు అయిపోతాయి. మీ 5 కిలోమీటర్ల పరుగు లేకపోయినా కొంప మునగదు. పరుగు ఇష్టమైతే మానొద్దు, కానీ పునాదిగా పెట్టుకోవద్దు. వాన పడినా, మడమ నొప్పి వచ్చినా ఆగిపోయే పని అది.

కండరాల పనికి జిమ్ కూడా అక్కర్లేదు. కుర్చీ మీంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, టేబుల్ అంచు మీద చేతులుంచి పుషప్‌లు 8, పుస్తకాలు నింపిన బ్యాగును ముందుకు వంగి, నడుం గూనిగా పెట్టకుండా పొట్ట దగ్గరికి లాగడం 10. నిమిషం ఆగి మళ్లీ ఒక రౌండు. పది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. 12 సార్లు తేలిగ్గా చేస్తున్నారనిపిస్తే టేబుల్ బదులు కుర్చీ అంచుకు దిగండి, బ్యాగులో ఇంకో రెండు పుస్తకాలు వెయ్యండి. మొదటి రోజే ఐదు రౌండ్లు చేసేస్తే ఒకటి నుంచి మూడు రోజుల దాకా మెట్లు దిగలేనంత నొప్పులుంటాయి. రెండో విడత ఎగ్గొట్టేది అక్కడే. ఎప్పుడు చేయాలో ముందే కట్టేసుకోండి: మంగళవారం, శుక్రవారం చివరి క్లాసు నుంచి గదికి రాగానే, బ్యాగు కింద పెట్టాక, బూట్లు విప్పకముందు. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ఇలా చోటు, సమయంతో సహా పెట్టుకున్న నిర్ణయాలు ఉత్త సంకల్పాలకన్నా ఎక్కువగా అమలవుతాయని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999 నాటికే చూపించారు. "రోజూ వ్యాయామం చేస్తాను" అన్నదానికి ఎక్కడా మేకు లేదు, అందుకే జారిపోతుంది.

తిండి సంగతి తొందరగా చెప్పేస్తాం. 7:30కు లేస్తే బ్రేక్‌ఫాస్ట్ దానంతటదే దారికొస్తుంది. అందులో గుడ్డో, పాలో, పప్పు దినుసులో ఏదో ఒకటి ఉండేలా చూడండి, పదకొండింటికి చిరుతిళ్ల కోసం వెతుక్కోరు. చక్కెర పూర్తిగా బంద్ అక్కర్లేదు. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు విడిగా కలిపే చక్కెర 50 గ్రాములు, అంటే 12 టీస్పూన్లు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిది. కాఫీలు ఐదు నుంచి రెండుకు దిగితే మీ లెక్క అక్కడే సగం తేలిపోతుంది. 3 లీటర్ల నీళ్లకు ఆధారమేమీ లేదు. దాహం వేసినప్పుడు తాగండి, మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టే. ధ్యానం మీకు నచ్చితే చేసుకోండి, నచ్చక చేసేదైతే జాబితాలోంచి కొట్టేయండి.

ఇప్పుడు 21 రోజుల సంగతి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందికి ఒక్కొక్కరికి ఒక్క కొత్త అలవాటు ఎంచుకోమని చెప్పి 12 వారాలు గమనించింది. ఆలోచించకుండానే చేసేసే స్థితి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, ఇంకొందరికి 254 దాకా పడుతుందని అంచనా కట్టారు. గ్లాసు నీళ్లు తాగడం లాంటివి త్వరగా, వ్యాయామం ఆలస్యంగా కుదిరాయి. మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం దెబ్బతినలేదు. అంటే ఆ అసైన్‌మెంట్ రాత్రి మీ ప్లాన్‌ను చంపలేదు. ఎలాగూ పోయిందిగా అనుకుని మర్నాడు, ఎల్లుండి కూడా వదిలేయడం చంపింది.

అందుకే రాత్రంతా మేలుకోవాల్సి వచ్చిన మర్నాడు ఏం చేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. తెల్లవారి 5కు పడుకున్నారనుకుందాం. మామూలుకన్నా గంట ఆలస్యంగా లేవండి, వెలుతురులోకి వెళ్లండి, కాఫీ హద్దు 2 గంటలే. మధ్యాహ్నం 3 లోపు ముగిసేలా కునుకు, ఆ ఒక్క రోజుకూ గంటన్నర దాకా ఫర్వాలేదు. వ్యాయామం వద్దు, నడక చాలు. సాయంత్రం గదికి పోవద్దు. రాత్రి మామూలుకన్నా గంట ముందు పడుకోండి. మూడో రోజుకల్లా గాడిలో పడతారు.

పరీక్షల వారానికీ ఒక కనీసం ఉండాలి. లేచే టైమ్, కాఫీ హద్దు, పది నిమిషాల నడక, ఈ మూడూ మారవు. కండరాల వ్యాయామం ఒక్క రౌండుకు దిగుతుంది, మిగతావి ఆగుతాయి. మళ్లీ మొదలయ్యే తేదీ క్యాలెండర్‌లో ముందే రాసి ఉండాలి, చివరి పరీక్ష అయిన రెండో రోజు. నిద్రను కోసి చదువుకు ఇస్తే మార్కులు పెరుగుతాయన్న ఆశ మీక్కూడా ఉండి ఉంటుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కెమిస్ట్రీ క్లాసు విద్యార్థుల నిద్రను సెమిస్టర్ పొడవునా కొలిచి 2019లో ఫలితాలు ప్రచురించారు. పరీక్ష ముందు రాత్రి ఎంత పడుకున్నారన్నదానికి మార్కులతో సంబంధం కనిపించలేదు. అంతకుముందు వారం, నెల ఎలా పడుకున్నారన్నదానికి కనిపించింది. 2003లో ఇంకో పరిశోధనలో రెండు వారాలు రాత్రికి ఆరు గంటలే పడుకున్నవాళ్ల ఏకాగ్రత, ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. వాళ్లకు మాత్రం తాము అంతగా తగ్గినట్టు అనిపించలేదట.

కొన్ని మాత్రం టైమ్‌టేబుల్‌తో తీరేవి కావు. ఇవన్నీ చేసినా వారానికి మూడు రాత్రులకు పైగా నిద్ర పట్టక నెలలు గడుస్తున్నా, గట్టిగా గురకపెట్టి పగలంతా తూగుతున్నా, రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, తిన్నాక తప్పు చేసినట్టనిపించి కక్కేయాలనిపిస్తున్నా డాక్టర్ దగ్గరికో, క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికో వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

చివరగా జరిమానా. వద్దు. ఇజ్రాయెల్‌లో డేకేర్‌లకు పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూశారు, 2000లో ఆ పరిశోధన వెలువడింది. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. డబ్బు కట్టాం కదా, లెక్క సరిపోయిందనుకున్నారు. మీ విషయంలో ఇంకో చిక్కూ ఉంది: రూమ్మేట్ కాపలావాడైతే పది రోజుల్లో అతనికి అబద్ధం చెప్పడం మొదలుపెడతారు. అతని సాయం వేరేగా తీసుకోండి. పదకొండు దాటాక పెద్ద లైటు ఆపడానికి ఒప్పుకుంటాడేమో అడగండి. సాయంత్రం 6కు అతను గ్రౌండ్‌కో లైబ్రరీకో వెళ్తుంటే మిమ్మల్నీ లాక్కెళ్లమనండి. ఆదివారం సాయంత్రం ఐదు నిమిషాలు ఇద్దరూ కూర్చుని ఆ నోటు చూడండి. ఏడు రోజుల్లో ఐదు రోజులు అనుకున్న టైమ్‌కు లేస్తే మూడు రోజులకో మెట్టు చొప్పున అలాగే సాగండి, నాలుగైతే ఉన్న మెట్టు మీదే ఒక వారం ఆగండి, మూడు లేదా అంతకన్నా తక్కువైతే ఒక మెట్టు దిగి మొదలుపెట్టండి.